మీ సందేహాలు: ఇన్‌స్టాలర్‌కి నెట్‌వర్క్ కార్డు దొరకనప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద ఉన్నాయి. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో మెషీన్ బూటవుతుంది, భాష, కీబోర్డు అడుగుతుంది, నెట్‌వర్క్ దగ్గరికి రాగానే కార్డు లేదంటుంది. దాదాపు అందరూ దీన్ని ‘డ్రైవర్ ప్రాబ్లమ్’ అనే రాశారు. చదివి చూస్తే కొన్నిట్లో డ్రైవర్ లేదు, కొన్నిట్లో డ్రైవర్ ఉంది కానీ ఫర్మ్‌వేర్ లేదు, కొన్నిట్లో రెండూ ఉన్నాయి కానీ లింకు లేదు. డ్రైవర్ అంటే కెర్నెల్‌తో (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) పాటు వచ్చే మాడ్యూల్, అంటే అవసరమైనప్పుడు ఎక్కే ముక్క. ఫర్మ్‌వేర్ అంటే ఆ మాడ్యూల్ కార్డులోని చిప్‌కి ఎక్కించే వేరే ఫైలు. ఏది లేదో తేల్చుకోకుండా పెన్‌డ్రైవ్ మళ్లీ మళ్లీ రాసుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. కార్డు నంబర్లలో వచ్చే ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్‌లు కూడా ఇంగ్లిష్ అక్షరాలే.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 నెట్ఇన్‌స్ట్ (మిగతా ప్యాకేజీల్ని నెట్ నుంచి దింపుకునే చిన్న ఇన్‌స్టాలర్) వేస్తున్నాను. ఈథర్నెట్ కార్డు దొరకలేదని చెప్పి పెద్ద డ్రైవర్ల జాబితా చూపిస్తోంది. అందులో ఏది ఎంచుకోవాలి? నా ల్యాప్‌టాప్‌కి ల్యాన్ సాకెట్ లేదు, వైఫై ఒక్కటే. విండోస్‌లో బాగానే పనిచేసింది. మోడల్ నంబరు ఉత్తరం చివర రాశాను.
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ జాబితాలోంచి ఏదీ ఎంచుకోకండి. అందులోని మాడ్యూళ్లన్నీ ఇన్‌స్టాలర్ దగ్గర ఉన్నవే. మీ కార్డుకి సరిపోయేది వాటిలో ఉంటే అడక్కుండానే ఎక్కి ఉండేది. ఊహించి ఏదో ఒకటి నొక్కితే అదే తెర మళ్లీ వస్తుంది. ఈ జాబితా కార్డు తనను తాను చెప్పుకోలేని పాత రోజుల నాటిది.

ల్యాప్‌టాప్ మోడల్ నంబరు కూడా ఇక్కడ పనికిరాదు. ఒకే మోడల్‌ని ఒక బ్యాచ్‌లో ఇంటెల్ కార్డుతో, ఇంకో బ్యాచ్‌లో రియల్‌టెక్ లేదా మీడియాటెక్ కార్డుతో అమ్ముతుంటారు. కావలసింది కార్డు ఐడీ. ఇన్‌స్టాలర్ నడుస్తుండగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, ఎంటర్ కొట్టండి. నల్ల తెర మీద ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ ఇవ్వండి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస చివర చదరపు బ్రాకెట్లలో నాలుగక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగూ కంపెనీవి: రియల్‌టెక్ అయితే 10ఈసీ, ఇంటెల్ 8086, బ్రాడ్‌కామ్ 14ఈ4, మీడియాటెక్ 14సీ3. తర్వాతి నాలుగూ చిప్‌వి. దాని కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉందా లేదా చూడండి. ఉంటే డ్రైవర్ కార్డుని పట్టుకుంది, లోపం ఇంకెక్కడో ఉంది. లేకపోతే ఆ కెర్నెల్‌కి ఈ చిప్ తెలియదు, లేదా తెలిసినా మొదలుపెట్టలేక వదిలేసింది. కార్డు వరుసే అసలు రాకపోతే బయోస్‌లో వైర్‌లెస్ ఆపేసి ఉందేమో చూడాలి. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఈ జాబితాలోకి రాదు, అది వేరే సంగతి. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌కి తిరిగి రావడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్5. టెక్స్ట్ ఇన్‌స్టాలర్ అయితే ఆల్ట్, ఎఫ్1.

మీ లక్షణాలకి సరిగ్గా సరిపోయే కార్డు ఒకటుంది. ఐడీ 10ఈసీ:బీ852 వస్తే అది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ. దీని డ్రైవర్ ఆర్‌టీడబ్ల్యూ89 కుటుంబంలోది, ఈ చిప్‌కి మద్దతు కెర్నెల్ 6.2లో చేరింది. డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఉన్నది 6.1. ఒక్క మెట్టు తేడా. ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఎన్ని తెచ్చి పెట్టినా లాభం ఉండదు, ఎందుకంటే వాటిని చదవాల్సిన మాడ్యూలే అక్కడ లేదు.

అందుకని తేలిక దారి డెబియన్ 13. దాని కెర్నెల్ 6.12. ఉబుంటు కావాలంటే 24.04 తీసుకోండి. 22.04 తప్పనిసరైతే కనీసం 22.04.3 ఐఎస్ఓ (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది) తీసుకోవాలి, ఎందుకంటే మొదటి 22.04 డిస్కులో కెర్నెల్ 5.15, మూడో విడత డెస్క్‌టాప్ డిస్కులో 6.2. పేరు ఒకటే, లోపలి కెర్నెల్ వేరు. ఎప్పుడో దింపుకున్న ఐఎస్ఓతో కొత్త ల్యాప్‌టాప్ మీద కుస్తీ పట్టేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

డెబియన్ 12 మాత్రమే కావాలంటే ఆండ్రాయిడ్ ఫోను ఆదుకుంటుంది. డేటా కేబుల్‌తో ఫోన్ కలపండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, వాటితో ఏమీ కనబడదు. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కేబుల్ పెట్టకముందు ఆ మీట నొక్కనివ్వదు, కేబుల్ కదిలితే దానంతటదే ఆఫ్ అవుతుంది. ఇన్‌స్టాలర్‌లో ‘గో బ్యాక్’ నొక్కి మెయిన్ మెనూకి వచ్చి నెట్‌వర్క్ హార్డ్‌వేర్ గుర్తించే మెట్టుని మళ్లీ నడపండి. ఇప్పుడు ‘యూఎస్‌బీ0’ అనో, ‘ఈఎన్ఎక్స్’తో మొదలయ్యే పొడుగు పేరుతోనో కొత్త కార్డు వస్తుంది. ఇన్‌స్టాలర్ దృష్టిలో అది మామూలు వైరు కార్డే, వైఫై పాస్‌వర్డ్ కూడా అడగదు. డెస్క్‌టాప్ కూడా ఎంచుకుంటే డౌన్‌లోడ్ ఒక జీబీ దాటిపోతుంది కాబట్టి రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద ఆధారపడకండి. ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి టెథరింగ్ ఇస్తే ఆ వైఫైనే కేబుల్ గుండా అందిస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక అదే టెథరింగ్ మీద బుక్‌వర్మ్ (డెబియన్ 12 పేరు) బ్యాక్‌పోర్ట్స్, అంటే కొత్త వెర్షన్ ప్యాకేజీలుండే రిపాజిటరీ, చేర్చి, కెర్నెల్‌ని, రియల్‌టెక్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని రెండింటినీ అక్కడినుంచే తీసుకోండి. కెర్నెల్ కొత్తది, ఫర్మ్‌వేర్ పాతది అయితే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: డెబియన్ 11 ఇన్‌స్టాలర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలని పది పన్నెండు పేర్లు చూపిస్తోంది. చివరి అంకె మాత్రం 59, 58, 57 అని మారుతోంది. ఇవన్నీ ఎక్కడ తేవాలి? ఒక ఫైలు తెచ్చి అదే పెన్‌డ్రైవ్‌లో పెడదామంటే కాపీ అవ్వడం లేదు.
— పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నీ అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఇంటెల్ డ్రైవర్ తనకి తెలిసిన అతి పెద్ద నంబరుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ వెతుకుతుంది. డెబియన్ 11 కెర్నెల్ 5.10లో ఆ పై మెట్టు 59. ఏ మెట్టు దగ్గర ఫైలు దొరికితే అక్కడ ఆగుతుంది. దొరకని ప్రతిదానికీ ‘ఫెయిల్డ్ టు లోడ్’ అని, పక్కన మైనస్ 2 అని లాగ్‌లో రాస్తుంది. మైనస్ 2 అంటే ఆ ఫైలు లేదని, అంతే. భయపడాల్సిన వరుస ‘నో సూటబుల్ ఫర్మ్‌వేర్ ఫౌండ్’. అది కనబడకపోతే కార్డుకి ఏదో ఒకటి అందినట్టే. ‘ఐడబ్ల్యూఎల్-డీబగ్-యోయో.బిన్’ అనే పేరు కూడా జాబితాలో ఉంటే పట్టించుకోకండి. అది డ్రైవర్ రాసేవాళ్లకి పనికొచ్చే ఫైలు, మీ వైఫైకి దాని అవసరం లేదు.

పెన్‌డ్రైవ్‌లో కాపీ కాకపోవడానికి కారణం, ఐఎస్ఓని యథాతథంగా రాసినప్పుడు ఆ పెన్‌డ్రైవ్ సీడీలాగే చదవడానికి మాత్రమే వీలయ్యేలా తయారవుతుంది. రెండో పెన్‌డ్రైవ్ తీసుకోండి, చిన్నదైనా చాలు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ‘ఫర్మ్‌వేర్’ అన్న పేరుతో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఫోల్డర్ చేసి, డెబియన్ 11 తాలూకు ‘ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై’ డెబ్ ప్యాకేజీని విప్పకుండా అలాగే అందులో వేయండి. ఇన్‌స్టాలర్ డెబ్‌ని తనే విప్పుకుంటుంది. జిప్‌ని మాత్రం విప్పుకోదు. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ ప్రశ్నకి ‘ఎస్’ అనండి.

అయినా 2023 జూన్‌లో డెబియన్ 12 వచ్చినప్పటి నుంచి ఈ తంతు చాలావరకు పోయింది. 2022 అక్టోబరులో డెబియన్ సభ్యులు ఓటు వేసి, నాన్-ఫ్రీ (స్వేచ్ఛా లైసెన్సు లేని) ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్ డిస్కులోనే పెట్టాలని నిర్ణయించారు. అంతకు ముందు డెబియన్ 11 వేసేవాళ్లు ‘అనధికారిక’ ఫోల్డర్‌లోని ఐఎస్ఓని వెతుక్కోవాల్సి వచ్చేది. 11 మీదే ఉండాల్సిన బలమైన కారణం ఏదైనా ఉంటే తప్ప 12 లేదా 13 తీసుకోండి.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక పాత డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710 ఉంది. పీఎక్స్ఈ (నెట్‌వర్క్ మీదుగా బూట్ చేసే పద్ధతి) ద్వారా డెబియన్ 12 నెట్‌బూట్ వేస్తున్నాం. కెర్నెల్, ఇనిట్ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునే ఫైళ్ల కట్ట) రెండూ నెట్‌వర్క్ మీదుగానే దిగుతాయి. తర్వాత ఇన్‌స్టాలర్ మొదలవగానే ఫర్మ్‌వేర్ అడిగి, నెట్‌వర్క్ లేదంటుంది. అదే కేబుల్, అదే పోర్టు. ఇప్పుడే పనిచేసిన కార్డు మరుక్షణం ఎలా పోయింది?
— సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: పీఎక్స్ఈ సమయంలో కార్డుని నడిపింది లినక్స్ కాదు, కార్డు మీది బూట్ రోమ్‌లో (చెరిగిపోని మెమరీ) ఉన్న చిన్న డ్రైవర్. కెర్నెల్ పగ్గాలు తీసుకోగానే దాని పని అయిపోతుంది. అక్కడినుంచి ఇనిట్ఆర్‌డీలో ఉన్న మాడ్యూల్‌దే భారం. పీఎక్స్ఈ పనిచేసిందంటే కేబుల్, స్విచ్ పోర్టు, డీహెచ్‌సీపీ (మెషీన్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే సేవ) బాగున్నాయని తేలింది. లినక్స్ డ్రైవర్ సంగతి మాత్రం అందులో తేలదు.

ఆర్710 బోర్డు మీద ఉన్నవి బ్రాడ్‌కామ్ బీసీఎం5709 చిప్‌లు. వీటి డ్రైవర్ బీఎన్ఎక్స్2. ఈ చిప్ లోపల చిన్న చిన్న ప్రాసెసర్లుంటాయి, వాటికి ప్రోగ్రామ్‌ని డ్రైవర్ ఎక్కించాలి. ఆ ప్రోగ్రాములే ‘బీఎన్ఎక్స్2-ఎంఐపీఎస్-09’తో, ‘బీఎన్ఎక్స్2-ఆర్‌వీ2పీ-09’తో మొదలయ్యే ఫైళ్లు. మీ దగ్గర ఇంకా పాత 5708 మెషీన్లు ఉంటే వాటికి 06 ఫైళ్లు కావాలి. కొన్ని రియల్‌టెక్ వైరు కార్డులు ఫర్మ్‌వేర్ లేకుండా నెట్టుకొస్తాయి, బీఎన్ఎక్స్2 మాత్రం అస్సలు కదలదు.

డెబియన్ 12 సీడీ ఐఎస్ఓలో ఫర్మ్‌వేర్ ఉంటుంది కానీ నెట్‌బూట్ ఇనిట్ఆర్‌డీలో ఉండదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: ఐఎస్ఓతో వేస్తే వస్తుంది, పీఎక్స్ఈతో వేస్తే రాదు. డెబియన్ సీడీఇమేజ్ సర్వర్‌లో బుక్‌వర్మ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్ నుంచి ‘ఫర్మ్‌వేర్.సీపీఐఓ.జీజెడ్’ దింపుకోండి. టీఎఫ్‌టీపీ (పీఎక్స్ఈకి ఫైళ్లు అందించే సర్వర్) ఫోల్డర్‌లోని అసలు ఇనిట్ఆర్‌డీకి ఒక కాపీ దాచుకుని, రెండింటినీ వెనకా ముందూ అతికించండి:

‘క్యాట్ ఇనిట్ఆర్‌డీ.జీజెడ్ ఫర్మ్‌వేర్.సీపీఐఓ.జీజెడ్ > ఇనిట్ఆర్‌డీ-ఎఫ్‌డబ్ల్యూ.జీజెడ్’

విప్పి మళ్లీ కట్టాల్సిన పని లేదు. కెర్నెల్ ఇలా వరసగా అతికించిన సీపీఐఓ కట్టల్ని ఒకదాని తర్వాత ఒకటి విప్పుకుంటుంది. వరస మాత్రం అసలుది ముందు, ఫర్మ్‌వేర్ తర్వాత. పీఎక్స్ఈ కాన్ఫిగ్‌లో ఇనిట్ఆర్‌డీ పేరు మార్చండి. ఫైలు బాగా పెరుగుతుంది కాబట్టి టీఎఫ్‌టీపీలో దిగడానికి ఆలస్యమవుతుంది. అది చిరాకైతే ఐపీఎక్స్ఈ పెట్టుకుని హెచ్‌టీటీపీ మీద దించండి, లేదా బీఎన్ఎక్స్2 డెబ్ ఒక్కదాన్నే సీపీఐఓగా కట్టి అతికించండి.

ఈ మెషీన్‌కి నాలుగు పోర్టులు. ఇన్‌స్టాలర్ ఏది వాడాలని అడిగి ఆగిపోతుంది. పీఎక్స్ఈలినక్స్ కాన్ఫిగ్‌లో ‘ఐపీఅపెండ్ 2’ వరుస చేర్చితే, ఏ పోర్టు నుంచి బూటయిందో దాని మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు నంబరు) కెర్నెల్‌కి అందుతుంది. బూట్ వరుసలో ఇంటర్‌ఫేస్‌ని ఆటో అని పెడితే ఇన్‌స్టాలర్ ఆ పోర్టునే తీసుకుంటుంది. లేకపోతే ఎవరో ఒకరు సర్వర్ గదికి వెళ్లి ఎంటర్ కొట్టాలి.

మీరు అడగలేదు కానీ నెట్‌బూట్ వాడేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది ఇంకొకటుంది. నెలల తరబడి బాగా నడిచిన సెటప్ ఒకరోజు ‘నో కెర్నెల్ మాడ్యూల్స్ వర్ ఫౌండ్’ అంటుంది. నెట్‌బూట్ ఇనిట్ఆర్‌డీ అన్ని మాడ్యూళ్లూ తనతో మోసుకురాదు. మిగిలినవి మిర్రర్ (డెబియన్ ప్యాకేజీల నకలు ఉంచే సర్వర్) నుంచి దింపుతుంది. డెబియన్ పాయింట్ రిలీజ్ (సవరణల విడత) వచ్చి మిర్రర్‌లో కెర్నెల్ వెర్షన్ మారితే మీ దగ్గరున్న పాత ఇనిట్ఆర్‌డీకి సరిపడే మాడ్యూళ్లు అక్కడ ఉండకపోవచ్చు. కొత్త ‘నెట్‌బూట్.టార్.జీజెడ్’ దింపుకుని, కెర్నెల్‌ని, ఇనిట్ఆర్‌డీని రెండింటినీ కలిపి మార్చాలి. ఒక్కదాన్నే మారిస్తే గొడవ ఇంకా పెద్దదవుతుంది. ఆ తర్వాత ఫర్మ్‌వేర్ అతికించడం మళ్లీ మొదటినుంచి. దాన్ని చిన్న స్క్రిప్టుగా రాసి పెట్టుకోండి.

ప్రశ్న: డెస్క్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ వేస్తున్నాను. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8111 కార్డు. డ్రైవర్ ఆర్8169 ఎక్కింది, ఇంటర్‌ఫేస్ కూడా కనబడుతోంది, కానీ లింకు రాదు. పోర్టు లైటు వెలగదు. విండోస్‌లోకి వెళితే మామూలే. రియల్‌టెక్ సైట్‌లోని ఆర్8168 డ్రైవర్ వేయమని ఒకరు చెప్పారు.
— పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆగండి, ఆ డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇన్‌స్టాలర్‌లో దాన్ని కంపైల్ చేయడానికి జీసీసీ (కంపైలర్) ఉండదు, కెర్నెల్ హెడర్లు ఉండవు. పైగా ఐడీ 10ఈసీ:8168 ఉన్న కార్డుల్ని కెర్నెల్‌లోని ఆర్8169 ఏళ్ల తరబడి నడుపుతోంది.

‘ఐపీ లింక్’ కొడితే ఇంటర్‌ఫేస్ పక్కన ‘నో-క్యారియర్’ (లింకు లేదు) అని ఉంటే ముందు చేయాల్సింది ఇది. విండోస్‌ని షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకి, క్యాబినెట్ పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. అర నిమిషం తర్వాత కేబుల్ పెట్టి నేరుగా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. కొన్ని రియల్‌టెక్ కార్డుల్ని విండోస్ ఆపేటప్పుడు నిద్ర స్థితిలో పెట్టి వదిలేస్తుంది. ఎస్ఎంపీఎస్ నుంచి స్టాండ్‌బై కరెంటు అందుతున్నంతసేపూ కార్డు అదే స్థితిలో ఉంటుంది. దీంతో లింకు వస్తే కారణం దొరికినట్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘షట్‌డౌన్ వేక్-ఆన్-ల్యాన్’ని ఎనేబుల్ చేయండి. ఎనేబుల్ చేస్తే కార్డు పూర్తిగా నిద్రపోదు.

అప్పటికీ రాకపోతే ‘డీఎంఈఎస్‌జీ | గ్రెప్ ఆర్8169’ చూడండి. పీహెచ్‌వై (కార్డులో కేబుల్ వైపు భాగం) డ్రైవర్ దొరకలేదు, ‘రియల్‌టెక్.కేఓ’ని ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్‌లో చేర్చండి అన్న అర్థంలో వరుస ఉంటే, ఆర్8169కి తోడుగా కావాల్సిన రెండో మాడ్యూల్ దానికంటే ముందు ఎక్కలేదు. ‘మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్8169’, తర్వాత ‘మోడ్‌ప్రోబ్ రియల్‌టెక్’, మళ్లీ ‘మోడ్‌ప్రోబ్ ఆర్8169’ ఇదే వరసలో ఇవ్వండి. ‘ఆర్‌టీఎల్_ఎన్ఐసీ’ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరుస ఒక్కటే ఉంటే మాత్రం అసలు కారణం అది కాకపోవచ్చు. 8168 కార్డుల్లో అది చిప్‌కి వేసే చిన్న సవరణ, లేకపోయినా చాలా బోర్డుల్లో లింకు వస్తుంది.

2.5 గిగాబిట్ బోర్డులున్నవాళ్లకి ఒక మాట. 10ఈసీ:8125కి ఆర్8169లో మద్దతు కెర్నెల్ 5.4లో వచ్చింది, దాని బీ రకానికి 5.9లో. 5 గిగాబిట్ 8126కి 6.9 కావాలి, అంటే డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌కి అది తెలియదు.

ప్రశ్న: మా స్కూల్లో పాత కంప్యూటర్లున్నాయి. బూటయ్యేటప్పుడు ‘8139సీపీ: ఇది 8139సీ+ చిప్ కాదు, 8139టూ వాడండి’ అన్న అర్థంలో ఎర్రర్ వస్తోంది. కార్డులు మార్చాలా?
— ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

జవాబు: మార్చక్కర్లేదు మేడమ్. 10ఈసీ:8139 అన్న ఒకే నంబరుతో రెండు రకాల చిప్‌లు ఉన్నాయి. కెర్నెల్ రెండు డ్రైవర్లనీ పిలుస్తుంది. తనది కాని కార్డుని 8139సీపీ వదిలేస్తూ ఆ మాట రాస్తుంది. వెంటనే 8139టూ తీసుకుంటుంది. ‘ఐపీ లింక్’లో ఇంటర్‌ఫేస్ కనబడితే అంతా సవ్యమే. మీరు చూసుకోవాల్సింది ప్రాసెసర్: 32 బిట్ మాత్రమే అయితే డెబియన్ 13కి దాని ఇన్‌స్టాలర్ లేదు. 12తో ఆగాలి.

ప్రశ్న: రాకీ లినక్స్ 9 వేయాలి. సర్వర్ నెట్‌వర్క్ కార్డు పాతది, దాని డ్రైవర్ ఈ వెర్షన్‌లో తీసేశారట. ఐఎస్ఓని విప్పి మాడ్యూల్ చేర్చి మళ్లీ కట్టాలా?
— పాఠకుడు, బెంగళూరు

జవాబు: అంత అవసరం లేదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రైవర్ డిస్క్ పద్ధతి ఉంది. రెడ్‌హ్యాట్ వదిలేసిన చాలా డ్రైవర్లని ఈఎల్‌రెపో ప్రాజెక్టు డ్రైవర్ డిస్క్ ఐఎస్ఓలుగా ఇస్తుంది. మీ కార్డు ఐడీ వాళ్ల పట్టికలో ఉందో లేదో చూసి, ఆ ఐఎస్ఓని రెండో పెన్‌డ్రైవ్ మీద యథాతథంగా రాయండి. దాని లేబుల్ ఓఈఎండీఆర్‌వీ. ఆ లేబుల్ కనబడితే ఇన్‌స్టాలర్ అడక్కుండానే డ్రైవర్ ఎక్కించుకుంటుంది. లేబుల్ పోయినా, చేత్తో ఎంచుకోవాలన్నా బూట్ మెనూలో ట్యాబ్ లేదా ‘ఈ’ నొక్కి, కెర్నెల్ వరుస చివర ‘ఐఎన్ఎస్‌టీ.డీడీ’ చేర్చండి. జాబితా వస్తుంది. అంకె కొట్టి ఎంచుకుని, ‘సీ’ కొడితే ముందుకెళుతుంది.

తప్పు జరిగేది వెర్షన్ దగ్గర. ఫైలు పేరులో ‘ఈఎల్9_4’ లాంటి ముక్క ఉంటుంది. అది మీ ఇన్‌స్టాలర్ మైనర్ వెర్షన్‌తో కలవాలి. 8కి చేసింది 9లో ఎక్కదు. 9.2కి చేసింది 9.4లో ఎక్కుతుందన్న భరోసా కూడా లేదు. ఇన్‌స్టాల్ అయిన వెంటనే ఈఎల్‌రెపో రిపాజిటరీని కూడా చేర్చుకోండి. లేకపోతే తర్వాతి మైనర్ అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్‌కి ఆ మాడ్యూల్ సరిపోక, దూరాన ఉన్న సర్వర్ నెట్‌వర్క్ లేకుండా లేస్తుంది.

ప్రశ్న: బ్రాడ్‌కామ్ బీసీఎం43142 వైఫై. ఉబుంటులో డ్రైవర్ ప్యాకేజీ వేశాను. ‘మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్’ అంటే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటోంది.
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని ఎక్కనివ్వని రక్షణ) అడ్డుపడుతోంది. డబ్ల్యూఎల్ మీ మెషీన్ మీదే కంపైల్ అయిన మాడ్యూల్. దాని మీది సంతకాన్ని కెర్నెల్ ఇంకా నమ్మడం లేదు. ప్యాకేజీ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగి ఉంటుంది. ఆ తర్వాతి రీబూట్‌లో నీలం తెర కొద్ది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఏ కీ నొక్కకపోతే మామూలుగా బూటయిపోతుంది. మీకు జరిగింది అదే అయ్యుండాలి.

‘సుడో ఎంఓకేయుటిల్ --ఇంపోర్ట్’ అని, దాని పక్కన ‘/వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే/ఎంఓకే.డీఈఆర్’ ఇవ్వండి. ఎంఓకే అంటే మెషీన్ ఓనర్ కీ. ఇందులో ‘డీఈఆర్’కి ముందున్న ‘ఎంఓకే’ ఒక్కటే పెద్ద అక్షరాలు, ఫోల్డర్ పేరుగా వచ్చే ‘ఎంఓకే’తో సహా మిగతావన్నీ చిన్న అక్షరాలే. సులువైన పాస్‌వర్డ్ పెట్టుకుని రీబూట్ చేసి, తెర ముందే ఉండండి. ‘ఎన్‌రోల్ ఎంఓకే’, ‘కంటిన్యూ’, ‘ఎస్’, పాస్‌వర్డ్, రీబూట్. సెక్యూర్ బూట్‌ని బయోస్‌లో ఆపేయడం ఇంకా తేలిక. కానీ విండోస్ బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఉన్న మెషీన్ అయితే రికవరీ కీ చేతిలో లేకుండా ఆ పని చేయకండి.

ప్రశ్న: వైరు కార్డు పనిచేస్తోంది, లైటు వెలుగుతోంది, డ్రైవర్ ఉంది. డీహెచ్‌సీపీ మాత్రం ఫెయిల్. ఫైబర్ కనెక్షన్. విండోస్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేస్తాం.
— పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ మోడెమ్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంది. లాగిన్ బాధ్యత కంప్యూటర్‌దే. దీన్ని పీపీపీఓఈ అంటారు, డీహెచ్‌సీపీకి అక్కడ జవాబిచ్చేవాళ్లే ఉండరు. డెబియన్ బూట్ వరుస చివర ‘మాడ్యూల్స్=పీపీపీ-యూడెబ్’ చేర్చితే ఇన్‌స్టాలర్ ఆ వివరాలు అడుగుతుంది. ఉబుంటు లైవ్‌లో ‘ఎన్ఎం-కనెక్షన్-ఎడిటర్’ తెరిచి డీఎస్ఎల్/పీపీపీఓఈ కనెక్షన్ చేర్చుకోవచ్చు. కేబుల్ ఆపరేటర్ మ్యాక్ అడ్రస్ బిగించే చోట కొత్త కార్డు పెట్టినా ఇలాగే అవుతుంది. అప్పుడు ఆపరేటర్‌కి కొత్త మ్యాక్ చెప్పాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ వైఫై ఐడీ 14సీ3:7902. డెబియన్ 13 కూడా పట్టుకోలేదు. ఏ ఫర్మ్‌వేర్ వేయాలి?
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: అది మీడియాటెక్ ఎంటీ7902. 6.12 కెర్నెల్‌లో దానికి డ్రైవర్ లేదు కాబట్టి ఏ ఫర్మ్‌వేర్ వేసినా కదలదు. పేరు దగ్గరగా ఉందని ఎంటీ7921 డ్రైవర్‌కి ఈ ఐడీని బలవంతంగా కట్టబెట్టే చిట్కాలు తిరుగుతుంటాయి. వాటితో సమయం వృథా.

కార్డు మార్చడమే మంచిది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ఎం.2 2230 సైజులో, ‘ఈ’ కీ సాకెట్‌లో, ఒక్క స్క్రూతో ఉంటుంది. కొనాల్సింది ఇంటెల్ ఏఎక్స్210. ఏఎక్స్201, ఏఎక్స్211 కొనకండి. పేర్లు దగ్గరగా ఉన్నా అవి సగం కార్డులే, మిగతా సగం సరిపడే ఇంటెల్ ప్రాసెసర్ లేదా చిప్‌సెట్ లోపల ఉండాలి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పనిచేయవు. మార్చేముందు కార్డు బోర్డుకే అతికించి ఉందేమో చూసుకోండి, కొన్ని పల్చటి మోడళ్లలో అలా ఉంటుంది. బ్యాటరీ కనెక్టర్ ముందు తీయండి. రెండు యాంటెన్నా తీగల్ని గోటితో నిటారుగా పైకి లేపండి, పక్కకి లాగితే కొన తెగుతుంది. పెట్టేటప్పుడు టిక్కుమని కూర్చోవాలి. వైఫై పేర్లు కనబడుతూ ఒక గజం దూరంలోనే సిగ్నల్ పడిపోతుంటే తీగ సరిగ్గా కూర్చోలేదన్నమాట.